మా ఆఫీసులో పదిహేను మందిమి

రెండు వారాలకోసారి శుక్రవారం మా ఆఫీసులో జీతాల లెక్క చూసేది నేనే. మొత్తం పదిహేను పేర్లు. ఎవరికి ఎంత పన్ను పట్టుకోవాలి, ఎవరి జీతంలోంచి ఇన్సూరెన్స్‌కి ఎంత పోవాలి, అంతా నా చేతి మీదుగానే జరుగుతుంది. ఆ పదిహేను పేర్లు కాగితం చూడకుండా వరసగా చెప్పగలను. కానీ ఆ పదిహేను అన్న అంకె మూలంగా మా ఇంటికి 8,640 డాలర్ల బిల్లు వస్తుందని 2024 డిసెంబరు దాకా నాకు తెలియదు. అమెరికాలో ఉన్న మనవాళ్ళలో చాలామంది ఇప్పుడు అరవై ఐదుకి, అంటే పెద్దవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య ఇన్సూరెన్స్ మెడికేర్ వచ్చే వయసుకి, దగ్గర పడుతున్నారు. ఇలాంటి చిన్న ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు, భార్య లేదా భర్త ఇన్సూరెన్స్ మీద ఉన్నవాళ్ళు ఎంతోమంది ఉన్నారు. వాళ్ళ కోసమే ఇది వివరంగా రాస్తున్నాను.

మేము టెక్సాస్‌లో డాలస్ దగ్గర ఉంటాం. మా ఆయన నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. పాతికేళ్ళకు పైగా ఇక్కడే ఉద్యోగం చేశారు కాబట్టి మెడికేర్‌కి కావలసిన 40 క్రెడిట్లు (పన్ను కడుతూ పనిచేసిన కాలాన్ని కొలిచే లెక్క) ఎప్పుడో పూర్తయ్యాయి. హెచ్-1బి వీసా మీద ఉన్న రోజుల్లో జీతంలోంచి కోసిన పన్ను కూడా ఆ లెక్కలోకి వస్తుంది. 2023 అక్టోబరులో ఆయన కంపెనీలో లే-ఆఫ్ అయింది. వెళ్ళేటప్పుడు కొన్ని నెలల జీతం ఒకేసారి చేతిలో పెట్టి పంపారు. 2024 జనవరి నుంచి ఆయన్ని నా ఆఫీసు ప్లాన్‌లో చేర్చాను.

ఇక ఆయన పుట్టినరోజు సంగతి. నిజంగా పుట్టింది కార్తీక మాసంలో. బళ్ళో వేసేటప్పుడు మాస్టారు 1959 జులై 1 అని రాశారు. పదో తరగతి సర్టిఫికెట్‌లో, పాస్‌పోర్ట్‌లో, గ్రీన్‌కార్డులో అదే తేదీ. ఆ తరంలో జూన్ 1, జులై 1 పుట్టినరోజులు ఎన్ని ఉన్నాయో మీ ఇంట్లోనే చూడండి. మెడికేర్‌కి కావలసింది కాగితం మీది తేదీ మాత్రమే. అందులోనూ ఒక మెలిక ఉంది. ఒకటో తేదీన పుట్టినవాళ్ళకి మెడికేర్ ఒక నెల ముందే మొదలవుతుంది. అంటే ఆయనకి జులైలో కాదు, 2024 జూన్ 1 నుంచే అర్హత. చేరడానికి ఇచ్చే ఏడు నెలల గడువు కూడా ఒక నెల వెనక్కి జరిగి, మార్చిలో మొదలై సెప్టెంబరుతో ముగిసింది.

మెడికేర్‌లో ఆసుపత్రి భాగాన్ని పార్ట్ ఎ అంటారు; డాక్టర్ల ఫీజులూ పరీక్షలూ చూసే, నెలనెలా ప్రీమియం కట్టాల్సిన భాగాన్ని పార్ట్ బి అంటారు. ఆ ఏడాది ఉగాదికి స్నేహితుల ఇంట్లో అందరం కలిశాం. అక్కడ ఒకాయన, మా ఆయన కంటే రెండేళ్ళు పెద్ద, ఇంకా ఉద్యోగంలోనే ఉన్నారు. "ఉద్యోగం మీద ఇన్సూరెన్స్ ఉన్నంతకాలం పార్ట్ బి దండగ బావగారూ. పార్ట్ ఎ మాత్రం తీసుకోండి, దానికి డబ్బులేం కట్టక్కర్లేదు" అన్నారు. ఆయన మంచి మనసుతోనే చెప్పారు. ఆయన విషయంలో అది నూటికి నూరుపాళ్ళు నిజం కూడా. తర్వాత మా ఆఫీసు ప్లాన్ చూసే బ్రోకర్‌కి ఫోన్ చేసి అడిగాను. "ఏమీ మారదు, ఆయన మీ ప్లాన్‌లో అలాగే కొనసాగవచ్చు" అన్నారు. నేను అడిగిన ప్రశ్నకి అది సరైన జవాబే. నేను అడగాల్సిన ప్రశ్న మాత్రం అది కాదు.

మా ఆయన ఆన్‌లైన్‌లో పార్ట్ ఎ ఒక్కటే తీసుకున్నారు. ఎరుపు, నీలం గీతలున్న కాగితం కార్డు పోస్టులో వచ్చింది. దాని మీద ఆసుపత్రి, పార్ట్ ఎ అని ఒకే ఒక్క వరస. కింద పార్ట్ బి ఉండాల్సిన చోటు ఖాళీ. ఆ ఖాళీని నేను చూశాను, చూసి కార్డుని ఆయన పర్సులో పెట్టాను.

అడగాల్సిన ప్రశ్న ఏమిటంటే: రెండు ఇన్సూరెన్సులు ఉన్నప్పుడు బిల్లు ముందు ఎవరి దగ్గరికి వెళ్ళాలి? ముందు కట్టేవాళ్ళని ప్రైమరీ అంటారు, మిగిలింది చూసేవాళ్ళని సెకండరీ అంటారు. మెడికేర్ 1965లో వచ్చింది. మొదట్లో పనిచేస్తున్న పెద్దవాళ్ళకి కూడా మెడికేరే ముందు కట్టేది. ప్రభుత్వం మీద భారం తగ్గించడానికి 1982లో చట్టం మార్చి, పనిచేసేవాళ్ళ విషయంలో యజమాని ఇన్సూరెన్స్ ముందు కట్టాలన్నారు. ఆ మార్పు చిన్న యజమానులకి వర్తించదు. ఆ గీత ఇరవై మంది దగ్గర ఉంది. ఇరవై లేదా అంతకంటే ఎక్కువ మంది ఉన్న చోట ఆఫీసు ప్లాన్ ముందు, మెడికేర్ తర్వాత. ఇరవై కంటే తక్కువైతే మెడికేర్ ముందు, ఆఫీసు ప్లాన్ తర్వాత. పనిచేసే మనిషికైనా, ఆ మనిషి ప్లాన్‌లో ఉన్న అరవై ఐదు దాటిన భర్తకైనా భార్యకైనా ఇదే లెక్క. లెక్కలో పార్ట్‌టైమ్ వాళ్ళు కూడా వస్తారు. ఈ ఏడాదిలోగానీ పోయిన ఏడాదిలోగానీ కనీసం ఇరవై వారాలపాటు ఇరవై మంది ఉన్నారా అని చూస్తారు.

ఉగాది రోజు మాకు చెప్పినాయన పనిచేసేది వేలమంది ఉన్న కంపెనీలో. మా ఆఫీసులో మేము పదిహేను మందిమి.

2024 సెప్టెంబరు ఆఖర్లో, పెరట్లో సొరపాదు పందిరికి తీగ కడుతూ మా ఆయన నిచ్చెన మీంచి జారారు. ఎత్తు నాలుగు మెట్లే. కుడి భుజం మీద పడ్డారు. ఆ రాత్రి అన్నం ముద్ద నోటిదాకా ఎత్తలేకపోయారు. ఎంఆర్ఐ తీస్తే భుజంలో కండరం తెగిందన్నారు. అక్టోబరులో ఆపరేషన్ అయింది. తెల్లవారి ఆరింటికి తీసుకెళ్ళాను, సాయంత్రం నాలుగింటికల్లా ఇంటికి తీసుకొచ్చేశాను. రాత్రి ఆసుపత్రిలో ఉంచలేదు. ఆపరేషన్ కాబట్టి ఏదైనా తేడా వచ్చినా పార్ట్ ఎ ఉంది కదా అని ధైర్యంగా ఉన్నాం. కానీ పార్ట్ ఎ అంటే ఆసుపత్రిలో చేర్చుకుని పడక ఇచ్చినప్పటి ఖర్చు. చేర్చుకోకుండా చేసి పంపేస్తే అది ఎంత పెద్ద ఆపరేషన్ అయినా పార్ట్ బి కిందికే వస్తుంది. డాక్టరు ఫీజు, ఎంఆర్ఐ, మత్తు ఇచ్చినవాళ్ళ ఫీజు, తర్వాత ఫిజియోథెరపీ, అన్నీ పార్ట్ బి.

నవంబరులో మా ప్లాన్ మామూలుగానే డబ్బు కట్టేసింది. అదే నెలలో ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి రెండు పేజీల ఫారం వచ్చింది. మీ కుటుంబంలో ఎవరైనా మెడికేర్‌కి అర్హులా, వాళ్ళ పుట్టిన తేదీ ఏమిటి, యజమాని దగ్గర ఎంతమంది పనిచేస్తున్నారు. చివరి ప్రశ్నకి రెండు గళ్ళు ఉన్నాయి: ఇరవై కంటే తక్కువ, ఇరవై లేదా ఎక్కువ. జీతాలు చూసే మనిషిని కదా, ఒక్క క్షణం కూడా ఆలోచించాల్సిన పని లేకుండా మొదటి గడిలో టిక్ పెట్టి పంపాను.

డిసెంబరులో బిల్లుల లెక్కంతా తిరగరాసి పంపారు. మీ భర్తకి ముందు కట్టాల్సింది మెడికేర్, మెడికేర్ కట్టే 80 శాతాన్ని మేము కట్టం, ఆయన పార్ట్ బి తీసుకోకపోయినా తీసుకున్నట్టే లెక్క వేస్తాం, అని దాని సారాంశం. కట్టిన డబ్బుని ఆసుపత్రి నుంచీ డాక్టర్ల నుంచీ వెనక్కి తీసుకున్నారు. వాళ్ళు మాకు బిల్లు పంపారు. మేము అప్పీల్ చేశాం. ప్లాన్ పుస్తకంలో 61వ పేజీ చూడమని జవాబు వచ్చింది. చూశాను. నిజంగానే ఉంది, స్పష్టంగా ఉంది. ఆ పుస్తకాన్ని కొత్తగా చేరిన ప్రతి ఉద్యోగికీ ఇచ్చేది నేనే.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. డబ్బు ఒక్కటే కాదు. నాకంటే బాగా ఆ అంకె తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. ఆయన ఎడమచేత్తో మంచినీళ్ళ గ్లాసు తెచ్చిచ్చి, "నువ్వు చేసిన తప్పేం కాదు, ఎవరం అడగలేదు" అన్నారు.

జనవరిలో ఒక సహోద్యోగి చెబితే హైక్యాప్ వాళ్ళకి ఫోన్ చేశాను. మెడికేర్ గురించి ఉచితంగా సలహా ఇచ్చే ఏర్పాటు ప్రతి రాష్ట్రంలోనూ ఉంది. చాలాచోట్ల షిప్ అంటారు, టెక్సాస్‌లో హైక్యాప్ అంటారు. వాళ్ళు దేన్నీ అమ్మరు. నలభై నిమిషాలు ఓపిగ్గా మాట్లాడిన ఆవిడ నాకు రెండు విషయాలు చెప్పారు. ఒకటి, పోయిన బిల్లులకి పార్ట్ బి ఇప్పుడు తీసుకున్నా పనికిరాదు, అది వెనక తేదీ నుంచి మొదలవదు. రెండోది విని నా గుండె కాస్త కుదుటపడింది. పెనాల్టీ పడదు. పార్ట్ బి ఆలస్యమైతే ప్రతి పూర్తి ఏడాదికి ప్రీమియం 10 శాతం చొప్పున పెరుగుతుంది, పార్ట్ బి ఉన్నన్నాళ్ళూ ఆ పెంపు పోదు. అయితే పని మీద ఆధారపడిన ఇన్సూరెన్స్‌లో ఉన్న కాలాన్ని ఆ లెక్కలోకి తీసుకోరు. ఆఫీసు చిన్నదా పెద్దదా అన్నది పెనాల్టీ విషయంలో చూడరు. ముందు ఎవరు కట్టాలన్న విషయంలో మాత్రమే చూస్తారు. చిన్న ఆఫీసు వాళ్ళు మోసపోయేది ఇక్కడే. "మీకు పెనాల్టీ ఉండదు" అన్న మాట నిజమే, అది విని నిశ్చింతగా ఉండిపోతారు. పెనాల్టీ ఉండదుగానీ 80 శాతం ఖర్చు ఎవరూ కట్టని ఖాళీ మాత్రం ఉంటుంది.

ఇలా తర్వాత పార్ట్ బిలో చేరడానికి రెండు ఫారాలు నింపాలి. సీఎంఎస్-40బి మనం నింపేది. సీఎంఎస్-ఎల్564 యజమాని నింపి, ఫలానా తేదీ నుంచి వీళ్ళకి మా ఇన్సూరెన్స్ ఉంది అని సంతకం పెట్టేది. రెండూ తీసుకుని సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకి వెళ్ళాం. ఫిబ్రవరి 1, 2025 నుంచి ఆయనకి పార్ట్ బి వచ్చింది. ఆ ఏడాది మామూలు ప్రీమియం నెలకి 185 డాలర్లు. మాకు మాత్రం 259 అని కాగితం వచ్చింది. రెండేళ్ళ కిందటి ఆదాయం చూసి ఎక్కువ ఆదాయం ఉన్నవాళ్ళ దగ్గర ఎక్కువ తీసుకుంటారు. భార్యాభర్తలు కలిపి పన్ను కట్టేవాళ్ళకి 2025లో ఆ హద్దు 212,000 డాలర్లు. 2023లో లే-ఆఫ్ అయినప్పుడు ఒకేసారి ఇచ్చిన డబ్బు వల్ల మేము ఆ గీత దాటాం. ఉద్యోగం పోయినవాళ్ళకి, రిటైరైనవాళ్ళకి ఎస్ఎస్ఏ-44 అనే ఫారం ఉంది. లే-ఆఫ్ ఉత్తరం జతచేసి అది పంపితే 185కి తగ్గించారు. లే-ఆఫ్ కాగితాలు పారేయకండి.

హెచ్ఎస్ఏ, అంటే వైద్యం ఖర్చుల కోసం పన్ను లేకుండా డబ్బు దాచుకునే ఖాతా, ఉన్నవాళ్ళకి ఒక మాట. మెడికేర్‌లో ఏ భాగం తీసుకున్నా, ఉచితంగా వచ్చే పార్ట్ ఎ అయినా సరే, ఆ మనిషి ఇక తన హెచ్ఎస్ఏలో డబ్బు వేయకూడదు. మా ఇంట్లో ఖాతా నా పేరు మీద ఉంది, నాకు మెడికేర్ లేదు కాబట్టి నాకు ఇబ్బంది రాలేదు. ఆయన బిల్లులు కూడా అందులోంచి కట్టాను. ఆయన పార్ట్ బి ప్రీమియం మాత్రం అందులోంచి కట్టడానికి లేదు, దానికి ఖాతా ఎవరి పేరు మీద ఉందో వాళ్ళకి అరవై ఐదు నిండాలి. ఇక్కడ దెబ్బతిన్న మనిషిని ఒకరిని ఎరుగుదును. పెద్ద కంపెనీలో అరవై ఏడేళ్ళకి కూడా పనిచేస్తూ హెచ్ఎస్ఏలో డబ్బు వేస్తూ, సోషల్ సెక్యూరిటీ పెన్షన్‌కి దరఖాస్తు పెట్టారు. పెన్షన్‌తోపాటు పార్ట్ ఎ దానంతట అదే వస్తుంది, అదీ ఆరు నెలలు వెనక్కి వెళ్ళి మొదలవుతుంది. ఆ ఆరు నెలలూ వేసిన డబ్బు అదనపు జమ అయిపోయింది, అది సర్దుకోవడానికి పన్నుల వాళ్ళ చుట్టూ తిరిగారు. దరఖాస్తుకి ఆరు నెలల ముందే జమ ఆపేయాలి.

కోబ్రా గురించి కూడా చెప్పకుండా ఉండలేను. ఉద్యోగం మానేశాక సొంత డబ్బుతో పాత ప్లాన్‌నే 18 నెలలు కొనసాగించుకోవచ్చు కదా అని అరవై ఐదు దాటినవాళ్ళు కూడా తీసుకుంటున్నారు. కార్డు అదే, డాక్టర్లు అదే, కాబట్టి ఇన్సూరెన్స్ ఉందనే అనిపిస్తుంది. మెడికేర్ దృష్టిలో అది ఉద్యోగం మీద వచ్చిన ఇన్సూరెన్స్ కాదు. ఉద్యోగం ఆగిన నాటి నుంచి ఎనిమిది నెలల్లో పార్ట్ బి తీసుకోవాలి, కోబ్రా ఉన్నా ఆ గడువు ఆగదు. గడువు దాటితే జనవరి నుంచి మార్చి దాకా జరిగే చేరికల కోసం ఎదురుచూడాలి, పైగా పెనాల్టీ కూడా పడవచ్చు. రిటైరైనవాళ్ళకి కంపెనీ ఇచ్చే ఇన్సూరెన్స్‌కీ ఇదే వరస, మెడికేరే ముందు. ఆ కంపెనీలో లక్షమంది ఉన్నా సరే.

మందుల విషయం మాకు తేలిగ్గానే తేలింది. ఆఫీసు ప్లాన్‌లో మందుల కవరేజీ మెడికేర్ వాళ్ళు సరిపోతుంది అనేంత స్థాయిలో ఉందో లేదో చెప్పే ఉత్తరం ప్రతి ఏడాదీ అక్టోబరు 15 లోపు వస్తుంది. దాన్ని దాచుకోండి, తర్వాత మెడికేర్‌లో మందుల భాగమైన పార్ట్ డి తీసుకునేటప్పుడు పెనాల్టీ పడకుండా అదే సాక్ష్యం.

ఇక మేము తీసుకున్న నిర్ణయం. పార్ట్ బి వచ్చాక నాలుగు నెలలు ఆయనకి రెండూ ఉన్నాయి, మెడికేర్ ముందు, నా ప్లాన్ తర్వాత. ఫిజియోథెరపీ బిల్లులు సాఫీగా వెళ్ళాయి. ఒక ఆదివారం కూర్చుని లెక్క వేశాను. ఆయన్ని నా ప్లాన్‌లో ఉంచడానికి నా జీతంలోంచి నెలకి పోతున్నది 540 డాలర్లు, అది చేస్తున్న పని మెడికేర్ వదిలేసిన 20 శాతం చూడటం, అది కూడా ప్లాన్ డిడక్టిబుల్ (ముందు మన జేబులోంచి పెట్టుకోవాల్సిన మొత్తం) దాటాకే. ఆ 20 శాతం కోసమే తయారైన పాలసీలు వేరే ఉన్నాయి, మెడిగ్యాప్ అంటారు. అరవై ఐదు దాటి పార్ట్ బి మొదలైన ఆరు నెలల్లో అడిగితే ఆరోగ్యం ఎలా ఉన్నా ఇవ్వాల్సిందే, ఎక్కువ ధర అడగకూడదు. మాకు ఆ గడువు జులై ఆఖరుతో అయిపోతుంది. జూన్ 1న ఆయన్ని నా ప్లాన్‌లోంచి తీసేసి, మెడిగ్యాప్‌లో ప్లాన్ జి అనే రకం, ఒక పార్ట్ డి తీసుకున్నాం. రెండూ కలిపినా 540లో సగం కూడా కాలేదు. ప్లాన్ జిలో ఇంకో సౌకర్యం నాకు నచ్చింది. మెడికేర్ మామూలుగా ఈ దేశం దాటితే పనిచేయదు. ప్లాన్ జి అయితే బయటి దేశంలో మొదటి 60 రోజుల్లో వచ్చిన అత్యవసర వైద్యానికి, 250 డాలర్లు మనం పెట్టుకున్నాక 80 శాతం ఇస్తుంది, జీవితం మొత్తానికి 50,000 డాలర్ల దాకా. మా అత్తగారిని చూడటానికి ఏటా ఇండియా వెళ్ళే మనిషికి అది చిన్న విషయం కాదు.

పెద్ద కంపెనీలో ఉన్నవాళ్ళకి ఈ లెక్క పనికిరాదు. అక్కడ ఆఫీసు ప్లానే ముందు కడుతుంది, పార్ట్ బి ఆపుకోవడమే చాలామందికి మంచిది. అందుకే వాళ్ళు చెప్పింది మీరు, నేను చెప్పింది వాళ్ళు ఉన్నదున్నట్టు పాటించడానికి లేదు. మీ ఆఫీసులో ఎంతమంది ఉన్నారో అడగండి. ముందు కట్టేది ఎవరో ఈమెయిల్‌లో రాసి ఇవ్వమని ఇన్సూరెన్స్ కంపెనీని అడగండి. ఫోన్‌లో విన్నది నాకు అప్పీల్‌లో ఎందుకూ అక్కరకు రాలేదు.

ఆసుపత్రి వాళ్ళు 8,640 డాలర్లనీ వడ్డీ లేకుండా 24 నెలలకి విడదీసి ఇచ్చారు. ప్రతి నెలా 5వ తేదీన 360 డాలర్లు వెళ్తున్నాయి.

మా ఆఫీసులో డ్రాయింగులు గీసే పెద్దాయనకి 2026 మార్చిలో అరవై ఐదు నిండుతుంది. 2025 నవంబరులో ఒక శుక్రవారం, జీతాలు పంపేశాక, 61వ పేజీ ప్రింట్ తీసుకుని ఆయన టేబుల్ దగ్గరికి వెళ్ళాను. ఆయన కూడా "నాకు ఇక్కడ ఇన్సూరెన్స్ ఉంది కదమ్మా" అన్న అర్థంలోనే మాట్లాడారు. కుర్చీ లాక్కుని కూర్చుని మా ఆయన భుజం కథ మొత్తం చెప్పాను. డిసెంబరులో ఆయన పార్ట్ ఎ, పార్ట్ బి రెండింటికీ దరఖాస్తు పెట్టారు. 2026 కొత్త ఏడాది నుంచి పార్ట్ బి నెలకి 202.90 డాలర్లు అయింది, మరీ ఎక్కువగా ఉందని బాధపడ్డారు కానీ పెట్టారు. ఆయన భార్యకి ఇంకా అరవై ఒకటే, ఆవిడ మా ప్లాన్‌లోనే కొనసాగుతారు. ఆయన కార్డు వచ్చిందని మొన్న తెచ్చి చూపించారు. దాని మీద రెండు వరసలూ ఉన్నాయి.